ఆపరేషన్ పిచ్చుక

1964 సెప్టెంబర్. పెనుకొండ రైల్వే స్టేషన్. ఉదయం తొమ్మిదిన్నర.

వెయిటింగ్ రూములో గోవిందరాజులు సగం కాఫీ తాగి బల్ల మీదే చనిపోయాడు. గ్లాసులో సైనైడ్.

ఏజెంట్ తిమ్మరాజు ఆ ముఖం వైపు చూడలేకపోయాడు. ఈ పనికి గోవిందరాజుల్ని ఎంపిక చేసింది తనే. "రెండు రోజుల పని, పోయి రాప్పా" అని రైలెక్కించింది కూడా తనే.

"అతని కాలి చెప్పు మడమ చూడు," అన్నాడు చీఫ్ చంద్రప్ప. ఆయన టికెట్ కలెక్టర్ వేషంలో ఉన్నాడు. ఆ నల్లకోటు ఆయనకు రెండు సైజులు పెద్దది.

మడమ తిప్పితే ఊడివచ్చింది. లోపల మైక్రోఫిల్మ్ భద్రంగా ఉంది.

"చంపినవాళ్లు దీన్నెందుకు వదిలేశారు సార్?"

"టైం చాల్లేదేమో." చంద్రప్ప జేబులోంచి బుల్లి వ్యూయర్ తీసి ఫిల్మ్‌ను వెలుతురుకు పెట్టి చూశాడు. ముఖం మాడిపోయింది. "విను. హిందూపురం పినాకిని ఫ్యాక్టరీ దీపావళికి 'పిచ్చుక' అనే చవక బాక్స్ కెమెరాను మార్కెట్‌లోకి దించుతోంది. దాని గాజు లెన్సు అరగదీసే సెక్షన్‌లోనే సైన్యానికి బైనాక్యులర్లు తయారవుతాయి. పిచ్చుక అమ్ముడైతేనే ఆ సెక్షన్ బతుకుతుంది."

"మరి ఈ ఫిల్మ్?"

"పోటీగా వస్తున్న విదేశీ కంపెనీ డ్రాయింగులు. వాళ్లదీ దీపావళికే. ఆటోమేటిక్. ఎలక్ట్రిక్ ఐ. వెలుతురు సంగతి కెమెరానే చూసుకుంటుంది. దాని ముందు పిచ్చుకను ఎవరు కొంటారు? ఇది నిజమైతే పిచ్చుకను ఆపి, బయటి లెన్సులు తెప్పించి తానూ ఆటోమేటిక్ చేస్తానని చైర్మన్ పట్టు పట్టాడు. నాలుగింటికి బోర్డు మీటింగ్. సంతకం పడితే లెన్సు సెక్షన్ మూత. ఫిల్మ్ పంపింది మన డబుల్ ఏజెంట్ నీలావతి. ధర్మవరంలో ఉంది. పోయి కన్ఫర్మ్ చేసుకో. ఈలోపు ఫిల్మ్ దొరికిందని చైర్మన్‌కు నేను ఫోన్ చేస్తాను."

చంద్రప్ప ఒక లైటర్ చేతిలో పెట్టాడు. "లోపల కెమెరా ఉంది. మీట నొక్కితే ఫోటో."

"సిగరెట్ వెలిగించుకోవచ్చా సార్?"

"అదొక్కటి కుదరదు."

మధ్యాహ్నం ఒంటిగంటకు, జరీ అంచు పంచె, నుదుట నిలువు నామంతో పట్టుచీరల వ్యాపారి ఒకాయన ధర్మవరంలో సుబ్బలక్ష్మమ్మ ఇంట్లో అడుగు పెట్టాడు. ఆమె గుంటమగ్గంలో కూర్చుని నేస్తోంది. చాప మీద చీరలు పరచుకుని, నల్ల కళ్లద్దాలతో, సెంటు ఘుమఘుమలతో నీలావతి ఉంది.

"కంచి అంచు దొరుకుతుందా?" అన్నాడు వ్యాపారి వేషంలోని తిమ్మరాజు.

"ధర్మవరంలో కంచి అడిగితే మగ్గం నవ్వుతుంది."

కోడ్ సరిపోయింది. నీలావతి గొంతు తగ్గించింది. "ఫిల్మ్ నిజమే. ఆ కెమెరాను నా కళ్లతో చూశాను. పాపం, గోవిందరాజులు." కళ్లద్దాలు తీయకుండానే కన్నీళ్లు తుడుచుకుంది. "కారులో ఉంటాను, రండి."

ఆమె బయటికి వెళ్లింది. గోడకు గీతల కాగితం మీద నెమలి డిజైన్ వేలాడుతోంది. అలవాటు చొప్పున తిమ్మరాజు లైటర్ దానివైపు తిప్పి మీట నొక్కాడు.

"ఫోటో తీసుకోప్పా, తీసుకో," అంది సుబ్బలక్ష్మమ్మ, చేతిపని ఆపకుండా. "అది మేము నేసేది కాదులే."

తిమ్మరాజు సిగ్గుపడ్డాడు. "మరి యాల పెట్టినావక్కా?"

"ఎదురింటోళ్ల కోసం. మేము ఏది నేస్తే వాళ్లు అదే నేసి మాకంటే ముందు అమ్ముకుంటారు. అందుకే నేసేది పెట్టెలో దాచి, నేస్తే మునిగేది గోడకు పెడతాము. ఆ నెమలికి పట్టూ దండగ, పొద్దూ దండగ. వాళ్ల సీజనంతా దాంతోనే పోతాది."

"వాళ్లు నమ్ముతారా?"

"ఊరికే దొరికితే యాడ నమ్ముతారప్పా? పోయినేడు ఇట్లాంటిదే ఒకటి పట్టుకొని మా ఆయన బజార్లో వాళ్లతో పెనుగులాడి తల పగలగొట్టించుకున్నాడు. నెత్తురు చూసినాక నమ్మినారు."

తిమ్మరాజు నెమలి వైపు మళ్లీ చూశాడు. ఫిల్మ్ కోసం గోవిందరాజుల్ని చంపలేదు. ఫిల్మ్‌ను నమ్మించడానికి చంపారు. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. చచ్చినవాడి ఫిల్మ్ కూడా అంతే.

"అక్క తెలివైంది," అంది గుమ్మంలోంచి నీలావతి. చేతిలో చిన్న పిస్టల్ ఉంది. "మీకు కాస్త ఆలస్యంగా తెలిసింది."

"గోవిందరాజులు నిన్ను చెల్లీ అని పిలిచేవాడు."

"అందుకే నా చేతి కాఫీ తాగాడు."

మగ్గంలోంచి సుబ్బలక్ష్మమ్మ విసిరిన, పోగు నడిపే కొయ్య నాడె రివ్వున వచ్చి ఆమె మణికట్టుకు తగిలింది. పిస్టల్ కిందపడింది. తిమ్మరాజు ఆమెను పట్టుకుంటే సుబ్బలక్ష్మమ్మ పట్టుదారం పేని స్తంభానికి కట్టేసింది. "పోగులేమీ తెగలేదు కదా," అని ముందు మగ్గం చూసుకుంది. నీలావతి వానిటీ బ్యాగులో మడతపెట్టిన బ్లూప్రింట్ దొరికింది.

ఒకటి నలభై. పోస్టాఫీసులో ట్రంక్ కాల్ కలవలేదు. పెనుకొండ అవతల ఎవరో లైను తెంచేశారట. నీలావతిని ఠాణాకు అప్పగించమని సుబ్బలక్ష్మమ్మకు చెప్పి, ఆమె కారే తీసుకుని తిమ్మరాజు బయల్దేరాడు. సోమందేపల్లి దగ్గర గొర్రెలమంద రోడ్డు నిండా నిలబడింది. హారన్ మోగిస్తే కాపరి తాపీగా తిరిగి చూశాడు.

"నిదానమప్పా. గొర్రెలకు నీ తొందర తెలుస్తాదా?"

హిందూపురం బోర్డు రూములోకి తిమ్మరాజు దూసుకుపోయేసరికి చైర్మన్ కాగితం మీద పెన్ను పెట్టాడు. మొదటి అక్షరం పడింది. రెండో అక్షరం తిమ్మరాజు అరచేతి మీద పడింది.

విషయమంతా విన్నాక, పిచ్చుకను డిజైన్ చేసిన ఇంజనీరు రామచంద్ర తల పట్టుకుని కూర్చుండిపోయాడు. చైర్మన్ మాత్రం ముందుకు వంగాడు.

"అయితే వాళ్లు నిజంగా చేస్తాండేదేంది? తెలిస్తే మన పిచ్చుకను మళ్లీ సరిచూసుకోవచ్చు కదా?"

"తెలీదు సార్," అన్నాడు తిమ్మరాజు.

అబద్ధం. బ్లూప్రింట్ దారిలోనే చూశాడు. వాళ్ల అసలు కెమెరా అచ్చం పిచ్చుకే, ప్లాస్టిక్ లెన్సుతో, మూడు రూపాయలు తక్కువ. వాళ్లు భయపడింది పిచ్చుకకే. ఇది చూస్తే చైర్మన్ రేపే గాజు లెన్సు పీకేసి ప్లాస్టిక్ పెడతాడు, లెన్సు సెక్షన్ మూతపడుతుంది. గోవిందరాజులు చావుకు అర్థమే ఉండదు. పెనుకొండలో అతని భార్య ప్రమీలమ్మకు ఈ సాయంత్రం కబురు చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో తిమ్మరాజుకు తెలియడం లేదు.

వరండాలోకి వచ్చి బ్లూప్రింట్ అంచుకు లైటర్ పెట్టి నొక్కాడు. క్లిక్‌మంది. నిప్పు రాలేదు, బ్లూప్రింట్‌కు చక్కటి ఫోటో మాత్రం పడింది.

"రామచంద్రా," అని గుమ్మంలోంచి అలసటగా పిలిచాడు, "అగ్గిపెట్టె ఉండాదా?"