ఇంజన్‌కు అవ్వ నూనె

“బిగియ్యి తమ్మీ, బిగియ్యి! రిచ్ అయింది!” అని అరిచాడు భాస్కర్ అంకుల్.

“బిగించకండి! కొత్త ఇంజన్ కదా, రిచ్‌గానే ఉండాలి. ఇంకాస్త విప్పండి!” అని అంతకన్నా గట్టిగా అరిచింది శేషారత్నం మేడమ్.

ఎవరి మాట వినాలో తోచలేదు కాబోలు, ఇంజన్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

గిడియోన్ మామ నుదుటి చెమట తుడుచుకున్నాడు. పక్కనే విమానం తోక పట్టుకుని కూర్చున్న షైని ఒకసారి అంకుల్ ముఖం చూసింది, ఒకసారి మేడమ్ ముఖం చూసింది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే దారిలో ఒక ఎర్రమట్టి మైదానం ఉంది. రిమోట్ విమానాలు ఎగరేసే క్లబ్బు వాళ్ళు శనివారాల్లో అక్కడ చేరతారు. భాస్కర్ అంకుల్ కొంపల్లి నుంచి కారులో వస్తాడు. శేషారత్నం మేడమ్ ఫిజిక్స్ టీచరుగా రిటైరైంది. ఇప్పుడు పిల్లలకు బదులు విమానాలకు పాఠాలు చెబుతోంది. గిడియోన్ మామ జీడిమెట్లలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. షైని ఆయన అక్క కూతురు, ఆరో తరగతి చదువుతోంది.

మామా, షైనీ ఎండాకాలం సెలవులన్నీ కూర్చుని ఒక పసుపు విమానం కట్టారు. రెక్క మీద షైని తన చేత్తో ‘తూనీగ’ అని రాసింది. దాని ముక్కుకు బిగించిన ఇంజన్ షైని పిడికిలంత ఉంటుంది. అంత చిన్నదైనా అది నిజం ఇంజనే. దానికి ఫ్యూయల్ కావాలి, గాలి కావాలి, నిప్పు అంటించడానికి ఒక ప్లగ్గు కావాలి. పక్కన ఒక సన్నటి సూది మర కూడా ఉంటుంది. దాన్ని ఎటు తిప్పాలి అన్న దగ్గరే ఇంత పెద్దవాళ్ళకు కూడా గొడవ వస్తుందని షైనికి ఆ రోజే తెలిసింది.

“ఇగ చూడు షైనీ,” అన్నాడు మామ గబగబా. “గీ సూది ఇప్పితె రిచ్. బిగిస్తె లీన్. మస్తు లీన్ అయితె ఇంజన్ కాలుతది. మస్తు రిచ్ అయితె గిట్ల దగ్గుతది. సమజైందా?”

“అయింది మామా.”

అబద్ధం! ఏమీ కాలేదు. షైనికి తెలిసిన రిచ్ వేరు. కొంపల్లిలో పెద్ద గేట్ల వెనక విల్లాల్లో ఉండేవాళ్ళు రిచ్. పిడికిలంత ఇంజన్ రిచ్ ఎలా అవుతుంది? సూది విప్పితే డబ్బులు రాలుతాయా?

ఈ ‘అయింది’ గురించి కొంచెం చెప్పుకోవాలి. షైని క్లాసులో మేడమ్ “అర్థమైందా?” అని అడిగితే చాలు, క్లాసు క్లాసంతా “అయింది మేడ...మ్!” అని రాగం తీస్తుంది. లెక్క అర్థమైనవాళ్ళూ తీస్తారు, కిటికీలోంచి పిల్లిని చూస్తున్నవాళ్ళూ తీస్తారు. షైని నోటికి ఆ మాట అలా అలవాటైపోయింది. అడిగినవాళ్ళ మాట పూర్తి కాకముందే ఊడిపడుతుంది.

“ఇంకో ముచ్చట యాదికుంచుకో బిడ్డా,” అన్నాడు భాస్కర్ అంకుల్. “గీ ఫ్యూయల్ల ఆముదం ఉంటది. అది తక్కువైతె ఇంజన్ ఖతం! నా పాత ఇంజన్ గట్లనే పోయింది.”

ఆముదం! ఆ పూట షైనికి తెలిసిన మాట అదొక్కటే వినిపించింది. గట్టిగా పట్టేసుకుంది.

ఇంటికి బయలుదేరేటప్పుడు మామ అన్నాడు. “వచ్చే శనివారం ఇంజన్ ఒక్క ట్యాంకు ఫ్యూయల్ అయిపోయేదాక ఆగకుండ నడువనీ. గప్పుడు నేను పైకి లేపి, రిమోట్ నీ చేతికే ఇస్త.”

షైని గుండె గంతులేసింది. తన చేతిలో రిమోట్! పైన తూనీగ! ఇంజన్ ఆగకుండా నడిస్తే చాలు. అదొక్కటే కావాలి.

ఆ వారమంతా ఆమెకు అదే ఆలోచన. అమ్మ ఫోన్‌లో ఆ ఇంజన్ కొన్నవాళ్ళు రాసిన మాటలు చదివింది. ఒకాయన ‘బంగారంలాంటి ఇంజన్’ అన్నాడు. ఇంకొకాయన ‘దీన్ని కొనేబదులు ఇంటిల్లిపాదీ బిర్యానీ తినండి’ అన్నాడు. మొదట్లో ఓపిక పట్టాలని ఒకరు, ఓపిక పట్టీ పట్టీ ముసలివాణ్ణయ్యానని ఇంకొకరు. చదివేకొద్దీ షైని బుర్ర గిర్రున తిరిగింది. అందరిదీ ఒకటే ఇంజన్ అయితే ఇన్ని మాటలెందుకు?

మామనే అడగొచ్చు. ఆయన ఉండేది వీధి చివరే. కానీ ఎలా అడుగుతుంది? ‘అయింది’ అని తనే చెప్పింది కదా! ఇప్పుడు వెళ్ళి ‘కాలేదు’ అంటే ఏమనుకుంటాడు?

ఇక మిగిలింది ఆముదమే.

శుక్రవారం బడి నుంచి వస్తూనే షైని మామ వాళ్ళింటికి వెళ్ళింది. మామ ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. దానమ్మ అవ్వ వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

“అవ్వా, ఇంట్ల ఆముదం ఉన్నదా?”

అవ్వ తలెత్తి మనవరాలిని పైనుంచి కిందికి చూసింది. “ఎందుకే? కడుపు బిగవట్టిందా?”

“లేదవ్వా!”

“అయితె తలకా? దా, నేనే పెడ్త. జుట్టు సూడు, సీపురు లెక్కయింది.”

“కాదవ్వా. కొంచెం గావాలె. గట్లనే...”

“ఆముదం సీస కిటికిల ఉన్నది. ఒలకబొయ్యకు.”

ఫ్యూయల్ విషం. ఆ డబ్బా మామ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. షైని ముట్టుకోలేదు కూడా. తూనీగ బీరువా పక్కన ఖాళీ ట్యాంకుతో నిలబడి ఉంది. షైని సిరంజితో అవ్వ సీసాలోంచి నూనె తీసి, ట్యూబు లోంచి ఆ ట్యాంకులోకి నెట్టింది. ఒకసారి నెట్టాక ఎందుకైనా మంచిదని ఇంకోసారి కూడా నెట్టింది.

“కడుపు నిండ తాగు,” అని ఇంజన్‌ను ముద్దుగా తట్టింది.

శనివారం మైదానంలో షైని అందరికన్నా హుషారుగా ఉంది. మామ గులాబీరంగు ఫ్యూయల్ ట్యాంకు నిండా పట్టించాడు. ప్లగ్గుకు బ్యాటరీ తగిలించాడు. కర్రతో ముందున్న పంకాను గట్టిగా తిప్పాడు.

పుస్...

మళ్ళీ తిప్పాడు.

పుస్... పుస్...

పోయిన వారం దగ్గనైనా దగ్గింది. ఈసారి అదీ లేదు. భాస్కర్ అంకుల్ వచ్చాడు. పోయిన వారం బిగించమన్న మనిషి ఈసారి విప్పమన్నాడు. విప్పమన్న మేడమ్ ఈసారి బిగించమంది. ప్లగ్గు మార్చారు, బ్యాటరీ మార్చారు. ఇంజన్ మాత్రం ఉలకలేదు, పలకలేదు.

షైనికి ఏమీ పాలుపోలేదు. ఆముదం తక్కువైతే ఖతం అన్నారు. తను ఎక్కువే పోసింది. మరి ఇంజన్ ఇంకా బాగా నడవాలి కదా? ఎక్కడ తప్పింది? తన వల్లనేనా, కాదా? చెప్పాలా, వద్దా?

ఎండ నెత్తికెక్కింది. మామ కర్ర కింద పడేశాడు.

“ఇగ నాతోని గాదు. గీ ఇంజనే దండుగ. వాపస్ పంపిస్త.”

“నేను ముందే అన్న గద,” అన్నాడు భాస్కర్ అంకుల్. ఏమన్నాడో ఆయనకే గుర్తులేదు.

మామ మర తిప్పే స్క్రూడ్రైవర్ తీశాడు. ఇంజన్‌ను ముక్కునుంచి ఊడదీయబోతున్నాడు. అది వెళ్ళిపోతే తూనీగ ఇక ఎగరదు. పైగా ఆ ఇంజన్ ఏ పాపం చేసిందని? షైనికి ఏడుపొచ్చింది.

“మామా, ఆగు! తప్పు ఇంజన్‌ది గాదు. నేను ఆముదం పోసిన.”

మామ చెయ్యి ఆగిపోయింది. “ఏం పోసినవ్?”

“ఆముదం. అవ్వది. నిన్న... ట్యాంకుల.”

మామ ట్యాంకు బయటికి తీసి వెలుతురుకు పట్టాడు. పైన గులాబీరంగు ఫ్యూయల్. అడుగున పచ్చటి నూనె వేరుగా కూర్చుని ఉంది. ఆయన ట్యూబు చివర వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ముఖం వింతగా మారింది.

“ఏందిది? నా చిన్నప్పటి తలకాయ వాసనొస్తాంది!”

శేషారత్నం మేడమ్ కూడా వాసన చూసి, “మెంతులు!” అంది.

“షైనీ, గిది ఆముదం గాదే. కొబ్బరినూనె. మా అమ్మ అండ్ల మెంతులు, మందారాకు ఏసి మరగబెడ్తది. వాళ్ళవ్వ జమానల తలకు ఆముదమే పెట్టెటోళ్ళు. తర్వాత నూనె మారింది గని మా ఇంట్ల పేరు మారలే. తలకు పెట్టేది ఏదైనా అమ్మకు ఆముదమే!”

“ఆముదమైతే ఈ ఫ్యూయల్లో కలిసిపోతుంది,” అంది మేడమ్. “కొబ్బరినూనె కలవదు, అడుగుకు దిగుతుంది. ట్యాంకులో పైపు పీల్చేది అడుగు నుంచే. పాపం, నీ ఇంజన్ పొద్దుటి నుంచి తలనూనె తాగుతోంది.”

“అయినా ఫ్యూయల్ల ఆముదం కంపెనోళ్ళే కొలిచి కలుపుతరు షైనీ. మనం పొయ్యొద్దు,” అన్నాడు మామ. “నన్ను ఒక్క మాట అడగకపోతివి?”

షైని తల దించుకుంది. “ఎట్ల అడుగుత మామా? పోయిన వారం అయింది అన్న గద.”

“అంటె, కాలేదా?”

“ఒక్క ముక్క కాలే. రిచ్ అంటె పైసలున్నోళ్ళు అనుకున్న.”

భాస్కర్ అంకుల్ పకపకా నవ్వాడు. షైని కళ్ళలో నీళ్ళు చూసి నవ్వు మింగేశాడు. మామ మాత్రం నవ్వలేదు.

“నేను గూడ జల్దీ జల్దీ చెప్పిన,” అన్నాడు. “ఫ్యూయల్ ఎక్కువ పోతె రిచ్. తక్కువ పోతె లీన్. సూది ఫ్యూయల్‌కు నల్లా లెక్క. ఇప్పితె ఎక్కువొస్తది, బిగిస్తె తక్కువొస్తది. గంతే.”

గంతేనా! షైనికి సిగ్గేసింది. ఇంత చిన్న మాట కోసమా వారమంతా బుర్ర బద్దలుకొట్టుకున్నది!

ఆ రోజు ఇక ఎగరేయడం లేదు. ఇంజన్ విప్పి, ట్యాంకు కడిగి, ట్యూబులు ఊది శుభ్రం చేసేసరికి ఎండ తగ్గింది. రిమోట్ ఆమె చేతికి రాలేదు. ఇంటికి వెళ్ళేదాకా మామ బండి మీద ఇద్దరి దగ్గరా మెంతుల వాసనే.

తర్వాతి శనివారం మామ పంకా తిప్పగానే ఇంజన్ గర్రుమంది. తెల్లటి పొగ వదిలింది. మామ సూది కొంచెం కొంచెంగా బిగిస్తూ పోయాడు. గర్రు పోయి సన్నటి జుయ్యి మొదలైంది. ఒక ట్యాంకు అయిపోయేదాకా అది ఆగలేదు. షైని ఊపిరి బిగబట్టి విన్నది. ఆగలేదు!

మామ మళ్ళీ ట్యాంకు నింపి ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఒప్పుకున్నట్టే రిమోట్ తెచ్చి షైని చేతిలో పెట్టాడు.

“రిమోట్ మీది గీ రెండు పుల్లలు పట్టి చూసుకో. నేను లేపి ఇస్త,” అన్నాడు, ఇంజన్ చప్పుడులో గొంతు పెంచి. “దూరం పోయెటప్పుడు కుడి అంటె కుడే, ఎడమ అంటె ఎడమే. మన దిక్కు వచ్చెటప్పుడు ఉల్టా అయితది. పరేషాన్ గావొద్దు. సమజైందా?”

ఉల్టానా? రిమోట్ ఉల్టానా, విమానం ఉల్టానా? షైనికి తెలియలేదు. భాస్కర్ అంకుల్ ఫోన్ తీసి వీడియోకు సిద్ధంగా ఉన్నాడు. మేడమ్ గొడుగు ముడిచి పైకి చూస్తోంది. తూనీగ ముందుకు దూకడానికి వణుకుతోంది. ‘అయింది’ అంటే చాలు, ఎగురుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

షైని రిమోట్‌ను మామ చేతుల్లోకి తిరిగి ఇచ్చేసింది.

“కాలే మామా. ఉల్టా అంటె ఏందో నాకు సమజ్ కాలే.”

మామ వంగి ఇంజన్ ఆపేశాడు. మైదానం నిశ్శబ్దమైంది. ఆయన గడ్డి మీద చతికిలబడ్డాడు.

“నువ్వే విమానం. గా చివరికి ఉరికి, చేతులు చాపి నా దిక్కు రా.”

షైని దూరంగా ఉరికి, చేతులు చాపి నడుస్తూ వచ్చింది. అంకుల్ ముందు నవ్వబోయి మానుకున్నాడు.

“నేను పుల్ల కుడికి కొడుతున్న!” అని అరిచాడు మామ. “నీ కుడికి తిరుగు!”

షైని తన కుడికి తిరిగింది. రెండడుగులు వేసి టక్కున ఆగిపోయింది.

“అరె! నాకు కుడి... కూసున్న నీకు ఎడమ!”

“అగో! గదే ఉల్టా.”

“గీ ముచ్చట తెల్వకనే నేను రెండు విమానాలు వలగ్గొట్టిన,” అన్నాడు భాస్కర్ అంకుల్ ఫోన్ జేబులో పెట్టుకుంటూ. “అడుగుదామంటె ఇజ్జత్ అడ్డమొచ్చె.”

“ఇప్పుడు సమజైందా షైనీ?” అన్నాడు మామ.

షైని కళ్ళు మూసుకుని మనసులో ఇంకోసారి నడిచి చూసుకుంది.

“ఎదురుంగ వచ్చేది అయింది. కిందికి దిగెటప్పుడు ఏం జెయ్యాల్నో కాలే.”

“గది గూడ చెప్త. మళ్ళ ఉరుకు.”

షైని మైదానం చివరికి ఉరికింది. అక్కడ నిలబడి చేతులు చాపింది.

“మెల్లగ చెప్పు మామా!” అని అరిచింది.