బీరువాలో ఒకే కాపీ

"ఈసారి వాళ్లు చంపాలనుకుంటున్నది మనిషిని కాదు, ప్రోగ్రామ్‌ని," అన్నాడు చీఫ్ గంగాధరరావు ఏజెంట్ త్రినాథరావుతో, కూర్మన్నపాలెం జంక్షన్‌లో టీ తాగుతూ.

అది 2001. ప్రోగ్రామ్ పేరు 'తరంగం'. సీతమ్మధార ల్యాబ్‌లో డాక్టర్ గురునాథరావు రాశాడు. అలలు ఎంత ఎత్తు లేస్తాయో ముందే చెబుతుంది, దాని మాట మీదే చేపల బోట్లు బయల్దేరతాయి. అది ఒక్కసారి తప్పు చెబితే జనం పోతారు, నమ్మకం పోతుంది. అప్పుడు తమ ప్రోగ్రామ్ అమ్ముకోవచ్చని ఓ విదేశీ ముఠా ఎత్తు.

"ఉన్నది ఒకటే కాపీ. బీరువా తాళం డాక్టర్ దగ్గరే. అనుమానమంతా అసిస్టెంట్ శ్రీసత్య మీద. ముఠాతో ఫోన్లో మాట్లాడుతోంది," అన్నాడు చీఫ్.

త్రినాథరావు ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో దిగాడు. స్క్రూడ్రైవర్‌లో కెమెరా. అతనికి అందరి మీదా అనుమానమే, టీ తెచ్చినవాణ్ణి కూడా వదల్లేదు. ఇక నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటుతో తిరిగే శ్రీసత్య సంగతి చెప్పాలా? పైగా డాక్టర్‌తో రోజూ ఒకటే గొడవ.

"కాపీలు అన్ని హార్బర్లకీ ఇద్దాం సార్. మీరేం మార్చినా ఇంకొకరు చూడాలి. రేపు మీరు మంచాన పడితే దీన్ని బాగుచేసేదెవరు?"

దొంగకి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాడు త్రినాథరావు. మధ్యాహ్నం ఆమె హ్యాండ్‌బ్యాగ్ వెతికాడు. సీడీ. దాని మీద 'తరంగం'. అప్పుడే ఆమె గదిలోకి వచ్చింది. పిస్టల్ తీశాడు.

"ఎవరి మనిషివి?"

"నేవీ ఇంటెలిజెన్స్. ముఠా నన్ను కొన్నాననుకుంటోంది."

"మాకు చెప్పలేదే!"

"మీరు మాకు చెప్పారా?"

పక్కగదిలో స్పీకర్ ఫోన్ గరగరలాడింది. "డాట్రు గారూ, నాను కన్నబాబుని, ఫిషింగ్ హార్బర్ నుంచి. ఏటి సెప్తారు? బోట్లన్నీ రెడీ."

"వెళ్లండి. సముద్రం ప్రశాంతం," అన్నాడు గురునాథరావు.

"ఇంత గాలిలోనా!" అంది శ్రీసత్య. ఇద్దరూ ఆ గదిలోకి దూసుకెళ్లారు. పిస్టల్ ఇప్పుడు ఎవరివైపు తిప్పాలో తెలియక త్రినాథరావు దాన్ని డాక్టర్‌కీ ఆమెకీ మధ్య ఊపాడు. ఆమె పోయిన నెల రహస్యంగా కాపీ చేసుకున్న తన సీడీని పక్క కంప్యూటర్‌లో పెట్టి, ఈ రోజు గాలి లెక్కలే ఇచ్చింది. మూడు మీటర్ల అలలు!

"ఏది నిజం?" అన్నాడు త్రినాథరావు.

"పోయినేడు తుపాను లెక్కలు రెండింటికీ ఇద్దాం. ఆ రోజు ఏం జరిగిందో ఊరందరికీ తెలుసు."

పోయిన నెల కాపీ తుపాను చూపించింది. బీరువా కాపీ ఆ రోజు కూడా సముద్రం ప్రశాంతమే అంది. ఎవరో మార్చారు. తాళం మాత్రం ఒక్కడి దగ్గరే ఉంది. ముఠా నిజంగా కొన్నది అతన్నే.

గురునాథరావు గుమ్మంవైపు పరిగెత్తాడు. ఏసీ కోసం వేసిన నిచ్చెన తగిలి బోర్లా పడ్డాడు. త్రినాథరావు హార్బర్‌కి ఫోన్ కొట్టాడు.

"కన్నబాబూ, ఆపు!"

"ఏటి బాబూ, తాళ్లు ఇప్పేత్తన్నాం!"

"మళ్లీ కట్టేయండి! ఒక్క బోటూ కదలకూడదు!"

సాయంత్రానికి కెరటాలు హార్బర్ గోడ దాటాయి. బోట్లన్నీ లోపలే ఉన్నాయి.

"శభాష్," అన్నాడు చీఫ్. "ఆ ప్రోగ్రామ్ ఇకమీదట చాలా భద్రంగా ఉండాలి. ఎక్కడ దాచావ్?"

"అందరి దగ్గరా, సార్."