కుర్మయ్య ఫోటోలో నలుపు

మేడ్చల్‌లో నాదో చిన్న ఫోటో స్టూడియో. పెళ్లిళ్ల సీజన్ అయిపోయేసరికి నా నడుము, కళ్లు, ప్రింటర్ మూడూ ఒకేసారి చేతులెత్తేశాయి. నడుముకు మందు రాసుకుని, కొత్త ప్రింటర్ కోసం ఆ సాయంత్రం సుచిత్ర సర్కిల్‌లో ప్రణీత నడిపే ప్రింటర్ల షాపుకి వెళ్లాను. బయట ముసురు. లోపల మేమిద్దరమే.

"ఫోటోలకే గదా ధరణక్కా? మూడున్నయ్. ఒక్కటే ఫోటో మూడిట్ల కొట్టి సూపిస్త. నచ్చింది తీస్కో," అంది ప్రణీత.

పెన్‌డ్రైవ్‌లో ఉన్న కుర్మయ్య ఫోటో ఇచ్చాను. పోయిన నెల శామీర్‌పేట చెరువు దగ్గర ఒక పెళ్లిజంటను తీస్తుంటే, థర్మకోల్ తెప్ప మీద వల వేస్తున్న ఆయన "నాది గూడ ఒకటి కొట్టు బిడ్డా" అని నవ్వాడు. కొట్టాను. తర్వాత కొన్నాళ్లకే అదే చెరువులో మునిగి చనిపోయాడు. ఆయనకు ఇంకో ఫోటో లేదట. తెల్లారితే దినాలు. పటం తెస్తానని భార్య ఈదమ్మకు మాటిచ్చాను.

ముందు నాలుగు రంగుల ఇంకుల ప్రింటర్. ముఖం కాస్త ఎర్రబారింది. తెప్ప మీద ఆయన వెనక నీడ ఒట్టి నలుపు ముద్ద.

ఆరు రంగులది మేలు. నీళ్ల మీద వెలుగు చక్కగా వచ్చింది. నలుపు ముద్దకు మాత్రం అంచులు తేలాయి, తడిబట్టలా. వలేమో అనుకున్నాను.

"ఇగ గిది సూడక్కా. ఎనిమిది రంగులు. అండ్ల బూడిద రంగులే రెండు. నీడల్ల ఏమున్నా బయటపడ్తది."

ప్రింటర్ నెమ్మదిగా కదిలింది. కిర్... కిర్... కాగితం కొంచెం కొంచెంగా బయటికొస్తుంటే నాచు వాసన వేసింది. ఇంకు వాసన కాదు.

కుర్మయ్య వీపుకు వీపు ఆనించి ఎవరో కూర్చున్నారు. ఆడమనిషి. జుట్టు నీళ్లలోకి వేలాడుతోంది.

"ఎవలక్కా గామె?" ప్రణీత గొంతు తగ్గించింది.

"ఎవ్వలు లేరే. నేనే గదా తీసిన."

కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాం. తెర మీద నలుపే.

"కాగితం ఖరాబున్నదేమో. మళ్లోటి కొడ్త."

అదే ప్రింటర్. అదే ఫోటో. ఈసారి ఆమె తల కొంచెం ఇటు తిరిగింది... చెంప కనిపిస్తోంది.

ప్రింటర్ ఆగలేదు. మేం నొక్కకుండానే ఇంకో కాగితాన్ని లోపలికి లాక్కుంది. కిర్...

ప్రణీత ప్లగ్గు పీకేసింది. సగంలో ఆగిన కాగితం కొస నుంచి బొట్లు కారుతున్నాయి. ఇంకు కాదు... నీళ్లు.

"దాన్ని గుంజకక్కా. నీకు దండం పెడ్త."

గుంజలేదు. భయపడటానికి కూడా ఓపిక లేదు నాకు. ఏమీ చూపించని నాలుగు రంగులదే చాలనుకున్నాను. ఆటోలో వేసుకుని స్టూడియోకి తెచ్చి, ఫోటో ప్రింటు తీసి, ఫ్రేము కట్టాను. నలుపు నలుపుగానే ఉంది. అప్పుడు గానీ ఊపిరాడలేదు.

మర్నాడు పొద్దున ఈదమ్మ పటాన్ని ఒళ్లో పెట్టుకుని కొంగుతో తుడిచింది. చాలాసేపు చూసింది. ముఖాన్ని కాదు, తెప్పను.

"ఏమైంది పెద్దమ్మా? మంచిగ రాలేదా?"

"మంచిగనే ఉన్నడు బిడ్డా." తెప్ప అంచు నీటిని తాకిన చోట వేలితో తడిమింది. "తెప్పనే... గింత లోతుకు దిగింది. ఒక్క మనిషికైతే గింత మునగదు."

ఈదమ్మ పటాన్ని గోడకు ఆనించి, దాని ముందు విస్తరాకు వేసి అన్నం పెట్టింది.

తర్వాత లోపలికి వెళ్లి, ఇంకో విస్తరాకు తెచ్చి పక్కనే పరిచింది.