పడితే పిలిచే ఫోన్

పొద్దున్నే పక్కలు సర్దుతూ ఆమె దుప్పటిని ఒక్క విసురు విసిరిందో లేదో, మడతల్లో ఉన్న భర్త కొత్త ఫోన్ ఎగిరి గోడకు కొట్టుకుని నేల మీద పడింది. "అయ్యో, పగిలిందో ఏమో!" అంటూ వంగేలోపే అది కుయ్యోమని అరవడం మొదలుపెట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది. మొన్న కొనేటప్పుడు దుకాణదారుడు ఒకటే ఊదరగొట్టాడు, మనిషి పడిపోతే ఈ ఫోన్ తనంతట తానే అయినవాళ్లకు కబురు చేస్తుందని. "పడితే అరిచే ఫోన్ ఎవరిక్కావాలి నాయనా! మాట గట్టిగా వినిపిస్తుందా, అది చెప్పు" అని ఆమె కొట్టిపారేసింది. భర్త మాత్రం దానికే మొగ్గాడు. ఎత్తైన మేడలకు కిటికీ అద్దాలు బిగించే పని ఆయనది.

అరుపు ఆగింది. 'మీ మనిషికి కబురు వెళ్లింది' అని తెర మీద అక్షరాలు పడ్డాయి. కింద పేరుంది. అక్క.

ఆమె మళ్లీ చదువుకుంది. ఇంతలో ఆ అక్క దగ్గర్నుంచే ఫోన్ మోగింది. కట్ చేసింది. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేసింది. మూడోసారి ఏకంగా ఆఫ్ చేసి పారేసింది.

భర్త తల తుడుచుకుంటూ స్నానాల గదిలోంచి వచ్చాడు.

"మీరు పైనుంచి పడితే కబురు మీ అక్కకా?"

ఆయన మొహం పాలిపోయింది. "ఎవరి పేరో ఒకటి ఇమ్మన్నారే... ఇచ్చాను."

"నోటికి మొదట వచ్చింది ఆవిడ పేరన్నమాట! చొక్కా కొంటే అక్క మెచ్చుకోవాలి, జ్వరమొస్తే అక్క చెప్పిన మాత్రే వేసుకోవాలి. పోనీలే అని ఊరుకున్నాను. ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడా నేను పరాయిదాన్నేనా?"

"అది కాదే..."

"మీరు పనికెళ్లిన దగ్గర్నుంచి గుండె అరచేతిలో పెట్టుకుని కూర్చునేది నేను! ఆవిడ కాదు!"

వీధి తలుపు దభాలున తెరుచుకుంది. ఆడపడుచు. రెండు వీధులు పరుగెత్తినట్టుంది, కాళ్లకు చెప్పుల్లేవు, చేతులకు సబ్బు నురగ ఆరనే లేదు. తమ్ముడు ఎదురుగానే ఉన్నా చూడలేదు. నేరుగా వచ్చి మరదల్ని గట్టిగా పట్టుకుంది.

"కూర్చో అమ్మా, ముందు కూర్చో. ఏం కాలేదు. వాడికేం కాదు. నేనున్నానుగా, మనిద్దరం కలిసే వెళ్దాం. ఒక్కదానివే గుమ్మం మాత్రం దాటకు."

ఎన్నిసార్లు మనసులో అనుకుందో, తడుముకోకుండా వచ్చేశాయి ఆ మాటలు.

"అక్కా, నేనిక్కడే ఉన్నాను. ఫోనొక్కటే పడింది" అన్నాడు భర్త. తర్వాత భార్య వైపు తిరిగాడు. "ఆ మధ్య నేను ఫోనెత్తలేదని రోడ్డు మీదికి పరుగెత్తి లారీ కింద పడబోయావు. అప్పుడే అక్కకు చెప్పి పెట్టాను. నాకేదైనా అయితే నా దగ్గరికి రావద్దు, ముందు నీ మరదలి దగ్గరికి వెళ్లి దాన్ని పట్టుకో అని."

ఆడపడుచు అప్పుడు చూసింది తమ్ముణ్ణి. పైనుంచి కిందికి చూసింది. "ఉన్నావురా..." అంది. అంతే, మోకాళ్లు మడిచి నేల మీద కూలబడిపోయింది. అంతసేపూ బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చింది. "మూడుసార్లు చేశాను. ఎవరూ ఎత్తలేదు. ఇక అయిపోయిందనుకున్నాను" అంది వెక్కుతూ.

కట్ చేసిన చేతిని ఆమె కొంగులో దాచుకుంది. కానీ సిగ్గు ఆమెను ఊరికే నిలబడనివ్వలేదు. పక్కన చతికిలబడి ఆడపడుచు తలను ఒళ్లోకి తీసుకుంది.

"నేనే వదినా, కుళ్లుతో ఫోన్ కట్ చేశాను. క్షమించు" అంది. భర్త వైపు చూసి కళ్లు తుడుచుకుంది.

"వదిన పేరు అలాగే ఉండనివ్వండి. కింద నాదీ చేర్చండి. ఈవిణ్ణి పట్టుకుని కూర్చోబెట్టేందుకు ఎవరో ఒకరు ఉండాలిగా."