తాడు అవతలి కొస

ఆ సెలవుల్లో వాళ్ళిద్దరూ చేసిన ఘనకార్యం ఏమీ లేదు. పొద్దున్నే తీరిగ్గా లేవడం, గాలి ఎటుంటే అటు తెరచాప తిప్పుకోవడం, ఒడ్డు పక్కనే పడవ పోతూ ఉంటే కాళ్ళు చాపుకుని కూర్చోవడం, సాయంత్రానికి ఏదో ఒక చిన్న రేవులో ఆగి రొట్టె, టమాటాలు, పాలు కొనుక్కోవడం. పడవ కూడా చిన్నదే. కింద ఇద్దరు పడుకునే గది, ఒక మూల స్టవ్వు, ఇంకో మూల సామాను. ఏమరుపాటుగా లేస్తే నెత్తి బొప్పి కట్టాల్సిందే. అద్దెకిచ్చినాయన "మొగుడూ పెళ్ళాలకి హాయిగా సరిపోతుంది" అన్నాడు. సరిపోయింది కూడా. ఒకరు మాట్లాడితే రెండోవాళ్ళకి వినబడకుండా పోయే చోటు దాన్లో లేదు.

అయినా మాట్లాడింది ఒక్కరే.

ఆవిడ కిటికీ పరదాలు, సోఫా కవర్లు కుట్టే మనిషి. మిషను ఆగినా నోరు ఆగదు. వాళ్ళక్క చిన్నప్పుడే వసపిట్ట అని పేరు పెట్టింది, అదే స్థిరపడిపోయింది. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. మాట్లాడడు. కోపం వచ్చి కాదు, అలిగీ కాదు, అదో తీరు. పెళ్ళైన కొత్తల్లో "పోనీలే, నెమ్మదస్తుడు" అని మురిసిపోయింది. కొన్నాళ్ళకి "మీతో కంటే గోడతో చెప్పుకోవడం నయం" అని దెప్పడం మొదలుపెట్టింది. ఈమధ్య ఆ దెప్పడమూ మానేసింది. పిల్లలు లేరు. ఇంట్లో ఫ్రిజ్జు చప్పుడు, ఏదైనా అనబోయే ముందు ఆయన దగ్గే చిన్న పొడి దగ్గు, అంతే. చాలాసార్లు ఆ దగ్గు తర్వాత మాట కూడా వచ్చేది కాదు.

బయల్దేరే ముందు అక్కకి ఫోన్ చేసి చెప్పేసింది. "ఈ సెలవుల్లో ఆయన నోరు విప్పి నాతో నాలుగు మాటలు మాట్లాడితే సరేసరి. లేదంటే తిరిగొచ్చాక బట్టలు సర్దుకుని నీ దగ్గరికి వచ్చేస్తానే అక్కా. ఇంక నావల్ల కాదు."

"ఆయనకి చెప్పావా ఈ సంగతి?" అంది అక్క.

"చెప్పా. 'ఊఁ' అన్నాడు."

ఆ ఊఁ తోనే సెలవులన్నీ గడిచాయి. సముద్రం నీలంగా ఉందంటే ఊఁ, ఆకుపచ్చగా ఉందంటే ఊఁ. ఒకరోజు ఒళ్ళు మండి "సముద్రం ఎర్రగా ఉంది కదండీ" అంది. దానికీ ఊఁ! వసపిట్ట పడీ పడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, గాలికి పడ్డ నలుసు అన్నట్టు కొంగుతో తుడుచుకుంది.

ఇక ఇంటిముఖం పట్టిన రోజు. మధ్యాహ్నం దాకా గాలి బాగానే ఉంది. కారు పెట్టిన రేవు ఇంకెంతో దూరం లేదు. భోజనాలై, పళ్ళేలు కడుగుతూ ఉండగా పడవ ఊగడం ఆగిపోయింది. ఏమిటా అని పైకొచ్చి చూస్తే తెరచాప చచ్చుబడి వేలాడుతోంది. నీళ్ళ మీద నుంచి పొగమంచు వస్తోంది. పరుగెత్తుకుంటూ కాదు, అరిచేత్తో గోడ తడుముకుంటూ వచ్చే మనిషిలా, మెల్లగా. ముందు ఒడ్డు పోయింది. తర్వాత ఎండ పోయింది. కాసేపటికి పడవ కొస కూడా లీలగానే కనబడుతోంది. ఎన్నాళ్ళో మూసి ఉంచిన గది తలుపు తీసినప్పటి వాసన వేసింది. సముద్రం మీద ఆ వాసనేమిటో ఆవిడకి అర్థం కాలేదు.

ఆ చుట్టుపక్కల ఇసుక మేటలున్నాయి. లోతు ఎటుందో తెలియకుండా కదిలితే పడవ మేటలో కూరుకుపోతుంది. ఆయన లంగరు దించి, వెనకాల కట్టి ఉన్న చిన్న తెడ్డు పడవని దగ్గరికి లాగాడు. దాని ముక్కుకి పొడవాటి తాడు కట్టి, రెండో కొస ఆవిడ చేతికిచ్చాడు. లోతు చూడ్డానికి, మేట తగిలితే దిగి నడవడానికి గెడ ఒకటి తీసుకున్నాడు. అప్పుడు దగ్గాడు. ఆశ్చర్యం, మాట్లాడాడు.

"ఇలాంటి చోట గొంతు నమ్మకు. లిఫ్టు గుంతలో కూడా అంతే. పైనుంచి పిలిస్తే కిందనుంచి వినబడుతుంది. తాడునే నమ్మాలి. పని అవ్వగానే నేను రెండుసార్లు గుంజుతా. వెంటనే లాగెయ్యకు. నువ్వూ రెండు గుంజు. దానికి జవాబుగా నేను ఒక్కసారి గుంజుతా. అప్పుడు లాగు. జవాబు రాకపోతే మాత్రం లాగొద్దు."

"ఎందుకో?"

"తాడు దేనికో చిక్కుకుని కదిలినా గుంజినట్టే ఉంటుంది. అవతల ఉన్నది మనిషే అని తెలియాలిగా."

"అమ్మయ్యో, ఇన్ని మాటలే! ఇంకా నయం, రేపటికి కాస్త దాచుకోండి" అంది వసపిట్ట. ఆయన నవ్వీ నవ్వనట్టు మూతి తిప్పి, తెడ్డు వేసుకుంటూ పొగమంచులోకి వెళ్ళిపోయాడు. తాడు ఆవిడ చేతుల్లోంచి కొంచెం కొంచెంగా జారుతూ పోయింది. కాసేపు తెడ్డు చప్పుడు వినబడింది. తర్వాత అదీ లేదు.

ఒంటరితనం ఆవిడకి కొత్త కాదు. మనిషి పక్కనే ఉండగా ఉండే ఒంటరితనం వెన్నతో పెట్టిన విద్య. కానీ ఇది వేరు. నీళ్ళు పడవని తట్టే చప్పుడు కూడా లేదు. ఏదో ఒకటి పాడుకుందామని నోరు తెరిచింది, తన గొంతు తనకే ఎవరిదోలా వినబడి మూసేసింది. తాడు మాత్రం చేతుల్లో చల్లగా, బరువుగా ఉంది. ఎంతసేపు అలా కూర్చుందో...

తాడు కదిలింది.

రెండుసార్లు. గట్టిగా.

ప్రాణం లేచొచ్చింది ఆవిడకి. బదులు గుంజాలని గుర్తులేక కాదు. గుర్తుంది. కానీ ఒక్క క్షణం కూడా ఆగాలనిపించలేదు. ఇంతకాలం జవాబు కోసం కాచుక్కూర్చున్న మనిషి, ఇంకోసారి అడిగి, ఇంకోసారి ఎదురుచూడమంటే ఎక్కడ చూస్తుంది? రెండు చేతులా లాగేసింది. అరచేతులు ఒరుసుకుపోయేలా లాగింది. వెళ్ళినప్పటికంటే బరువుగా వచ్చింది పడవ. మంచులోంచి ముందు దాని ముక్కు, తర్వాత ఆయన భుజాలు, తర్వాత మొహం. పైకి ఎక్కి, ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"భయపడ్డావా పిచ్చిదానా? చేతులు చూడు ఎలా కందిపోయాయో" అన్నాడు.

దగ్గలేదు. ఆ సంగతి ఆవిడకి అప్పుడు తట్టలేదు.

గాలి కొద్దిగా లేచింది. ఆయన లంగరు ఎత్తి, చుక్కాని పట్టుకుని, ఆవిడని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇక చూడండి, మాటలే మాటలు. వాన పడితే మట్టి వాసన కంటే తడిసిన గుడ్డ వాసనే తనకి ఎక్కువ ఇష్టమన్నాడు. ఆదివారం మధ్యాహ్నాలు ఎందుకో దిగులేస్తుందన్నాడు. ముసలితనంలో ఎవరు ముందు పోతారో అని భయమేస్తుందన్నాడు.  వసపిట్ట ఆయన భుజానికి తల ఆనించి ఏడ్చింది. చెప్పొద్దూ, పెళ్ళయ్యాక అంత సంతోషం ఆవిడ ఎరగదు.

అప్పుడు వెనకాల... దూరంగా... మంచులో...

చిన్న పొడి దగ్గు.

ఆవిడ తల ఎత్తింది.

"ఏమోయ్..." అంది ఒక గొంతు. కాస్త ఆగి మళ్ళీ, "ఏమోయ్... ఎక్కడున్నావ్?"

పక్కనున్న ఆయన చుక్కాని వదల్లేదు. "గొంతు నమ్మకని చెప్పానుగా" అన్నాడు మెల్లగా. "పలక్కు."

"కానీ... అది మీ..."

"పలికితే దగ్గరికొస్తుంది. వస్తే ఇంక నేను మాట్లాడను."

ఆవిడ వెనక్కి చూసింది. తెడ్డు పడవ ఖాళీగా వెనకాలే వస్తోంది. మంచు తప్ప ఏమీ లేదు. ఆ గొంతు ఇంకోసారి పిలిచింది. ఈసారి అందులో భయం ఉంది. ఆ మనిషి భయపడటం ఆవిడ ఎన్నడూ వినలేదు.  'ఇక్కడున్నానండీ' అన్న మాట గొంతుదాకా వచ్చింది. వచ్చి ఆగింది. పలికితే ఆ ఫ్రిజ్జు చప్పుడు, ఆ ఊఁ, ఆ గోడ, అవన్నీ మళ్ళీ ఇంటికొచ్చేస్తాయి. పలకలేదు. పళ్ళ బిగువున కూర్చుంది. పిలుపు దూరమై, సన్నబడి, పోయింది.

రేవు చేరేసరికి మంచు లేదు, ఎండ కాస్తోంది. పడవ అప్పగించి, సామాను కారులో పెట్టుకుని బయల్దేరారు. ఆవిడే నడిపింది. పక్క సీట్లో ఆయన ఊరుకోకుండా చెబుతూనే ఉన్నాడు.

"చిన్నప్పుడోసారి ఏమైందో తెలుసా? దాగుడుమూతలాటలో అక్క నన్ను బట్టల బీరువాలో దాచి, తను ఆ సంగతే మర్చిపోయింది. సాయంత్రం దాకా అందులోనే ఉన్నా. పిలిచి పిలిచి గొంతు పోయింది. ఎవరూ రాలేదు."

వసపిట్ట నవ్వబోయి ఆగింది.

ఆయనకి అక్క లేదు. తోబుట్టువులే లేరు. బీరువాలో ఉండిపోయింది తనే. ఆ కథ ఆయనకి చెప్పింది తనే. తడిసిన గుడ్డ వాసన తనకే ఇష్టం. ఆదివారం మధ్యాహ్నాల దిగులు తనదే. ఎవరు ముందు పోతారోనన్న భయం, అదీ తనే, ఒకసారి చీకట్లో, ఆయన వీపుతో చెప్పింది. మధ్యాహ్నం నుంచీ ఆ నోట్లోంచి వచ్చిన ప్రతి ముచ్చటా ఇన్నేళ్ళుగా తను వాగినదే. ఒక్కటి... ఒక్కటంటే ఒక్కటి కూడా ఆయనది కాదు.

కారు వేగం తగ్గించింది.

"ఏవండీ" అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నాకు తెలియనిది ఏదైనా చెప్పండి."

పక్క సీట్లోది ఆవిడ వైపు తిరిగింది. ఆలోచించింది. చాలా ప్రేమగా నవ్వింది.

"నువ్వు చెప్పలేదుగా ఇంకా" అంది.

ఆ తర్వాత ఆవిడ పెదవి కదపలేదు. అదీ ఏమీ అనలేదు. ఆవిడ మొహంలోకే చూస్తూ, మాట ఎప్పుడొస్తుందా అని ఆశగా కూర్చుంది. దీపాలు పెట్టే వేళకి తమ వీధి వచ్చింది. బేకరీ ముందు జనం, పిల్లల సైకిళ్ళు, ఎవరింట్లోనో కుక్కరు కూత. అన్నీ మామూలుగానే ఉన్నాయి. కారు ఆపి, సామాను కూడా తీయకుండా, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి పరుగెత్తింది. వెనకాల మెట్ల మీద అడుగులు... తొందరేమీ లేని అడుగులు. ఇంట్లోకి దూరి తలుపు వేసేసుకోవాలి. అక్కకి ఫోన్ చేయాలి. ఆ ఇసుక మేటల దగ్గరికి మనుషుల్ని పంపాలి. ఆయన ఇంకా అక్కడే ఉంటాడు, పలకాలి, ఈసారి పలకాలి...

తాళంచెవి దూర్చింది. తిరగలేదు.

తలుపు కింద సందులోంచి వెలుతురు వస్తోంది.

లోపల ఎవరో దగ్గారు. చిన్న పొడి దగ్గు.

ఆవిడ చేతిలో తాళంచెవి అలాగే ఉండిపోయింది. ఆయనే. బతికే ఉన్నాడు. ఇంటికొచ్చేశాడు. మాట్లాడుతున్నాడు! తడబడుతూ, మాట మాటకీ ఆగుతూ, ఎన్నడూ నడవని దారిలో నడిచేవాడిలా.

"...ఎంత పిలిచినా పలుకు లేదు. ఇంక అయిపోయిందనుకున్నా. చావంటే భయం వేయలేదు. ఇన్నేళ్ళూ నువ్వు అడిగినదానికి ఒక్కదానికీ సరిగ్గా జవాబు చెప్పలేదే అని, అదొక్కటే ఏడుపొచ్చింది. నీకు చెప్పాల్సినవి ఎన్ని ఉన్నాయో తెలుసా? మొట్టమొదట నిన్ను చూసినరోజు నుంచి మొదలుపెడతా. మంచులో అలా అనుకుంటూ ఉండగానే కదా నువ్వు పలికావు. 'ఇక్కడున్నానండీ' అని."

వసపిట్ట పిడికిలితో తలుపు బాదింది. "ఏవండీ! నేనండీ! తలుపు తీయండి!"

లోపల మాట ఆగింది.

"ఎవరో పిలిచినట్టు లేదూ?" అన్నాడాయన.

తలుపు దాకా మెత్తని అడుగులు వచ్చి ఆగాయి. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, తలుపుకి చాలా దగ్గరగా, చెక్కకి ఆనుకుని నిలబడి అన్నట్టు వినబడింది. కాస్త బొంగురుగా, కాస్త గారంగా ఉండే గొంతు. అక్క ఎక్కడున్నా గుర్తుపట్టి వసపిట్టా అని పిలిచే గొంతు.

"ఎవరూ లేరండీ. మీరు చెప్పండి."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.