నెట్ పెట్టెకు పదమూడు మంది చుట్టాలు

వెల్దుర్తి వైపు చిన్న మబ్బు తునక కనబడినా చాలు, జుబేదా పరుగున వచ్చి నెట్ పెట్టె స్విచ్ ఆపేసేది. పిడుగు ఆ తీగ పట్టుకుని ఇంట్లోకి వస్తుందని ఆమె భయం. ఆ ఉదయం మాత్రం మబ్బు లేదు. ఆమె ఇడ్లీ పాత్ర దించుతుంటే కూతురు నిఖత్ గదిలోంచి కేకేసింది.

"అమ్మా, పెట్టె ఆపావా?"

"మబ్బే లేందే ఎందుకు ఆపుతా?"

నిఖత్ రెండేళ్ళుగా ఇంట్లో కూర్చునే హైదరాబాద్ కంపెనీకి ఆసుపత్రి ఫైళ్ళు చూస్తోంది. ఇంటి నెట్‌కు ఒక నంబరు ఉంటుందనీ, ఆ నంబరు నుంచి వస్తేనే కంపెనీ తలుపు తీస్తుందనీ జుబేదాకు తెలుసు. ఈరోజు ఆ తలుపు తెరుచుకోలేదు. ఇంతలో ఆఫీసు నుంచి ఫోన్. మాట్లాడి పెట్టేసరికి నిఖత్ ముఖం పాలిపోయింది.

"మన నంబరు నుంచి వేల దొంగ మెయిళ్ళు వెళ్ళాయంటమ్మా. సాయంత్రంలోగా తేల్చకపోతే ఉద్యోగం పోద్ది."

"యా అల్లా! పోలీసులొస్తారా? మీ నాన్నను తీసకపోతారా?"

నిఖత్ ఫోన్‌లో నెట్ పెట్టెను వాడుతున్నవాటి జాబితా తెరిచి చూసింది. "మనవి మూడు ఫోన్లు, నా లాప్‌టాప్. ఇక్కడ పదిహేడు కనబడతన్నాయి. పాస్‌వర్డ్ ఎవరికిచ్చావు?"

"నేనెవరికీ ఇయ్యలా," అంది జుబేదా, ఇడ్లీల వైపు తిరిగి.

నిఖత్ పాస్‌వర్డ్ మార్చేసింది. ఐదు నిమిషాలు కాలేదు, పక్కింటి రాజమ్మ గోడ మీదుగా తల ఎత్తింది.

"ఏమే జుబేదా, మీ నెట్ ఆగిందేంది? మా అల్లుడు సినిమా చూస్తా ఉన్నాడు!"

జుబేదాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"నువ్వు ఇంకెవరికిచ్చావు పెద్దమ్మా?" అడిగింది నిఖత్.

"ఎదురింటోళ్ళకి, ఆ పక్కోళ్ళకి. నేనేమన్నా అమ్ముకున్నానా? పెరుగు తోడు అడిగితే లేదంటామా?"

"తోడు ఎవరింటికెళ్తే వాళ్ళింటి పెరుగు పెద్దమ్మా. ఇది అట్టా కాదు. ఎవరు ఏం పంపినా మా ఇంటి పేరే పడుద్ది."

నిఖత్ రాజమ్మ అల్లుడి ఫోన్ తెప్పించి చూసింది. ఊరికే సినిమాలు చూపించే యాప్ ఒకటి, చాటున మెయిళ్ళు పంపుతోంది. దాన్ని తీసేసింది. రాజమ్మ నోరు నొక్కుకుంది.

జుబేదా గచ్చు మీద కూలబడింది. "నీ ఉద్యోగం నేనే పోగొట్టానే!"

"ఇంకా పోలేదు. ముందు లెయ్యి."

పెట్టె బిగించిన రోజు నుంచీ దాని అడుగున అచ్చుపడి ఉన్న పెట్టె సెట్టింగుల పాస్‌వర్డ్ కూడా మార్చింది నిఖత్. నెట్ ఆఫీసు బ్రహ్మాజీకి ఫోన్ చేసి, మచ్చపడిన నంబరు తీసేసి కొత్తది ఇమ్మంది. ఎక్కడ తప్పు జరిగిందో, ఏం సరిచేసిందో, కొత్త నంబరేదో అంతా కంపెనీకి రాసింది, తల్లి పేరు ఎక్కడా రాకుండా. ఆ పని చూస్తూ జుబేదా కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళూ ఇంటి కాపలా తనదే అనుకుంది. ఆపద ఏ దారిన వస్తుందో ఈ పిల్లకు తెలుసు.

నాలుగింటికి కంపెనీ తలుపు తెరుచుకుంది.

"పాస్‌వర్డ్ ఈసారి నువ్వే పెట్టమ్మా," అంది నిఖత్.

"నాకొద్దు తల్లీ. నా నోరు ఆగదు."

"ఆగుద్ది."

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జుబేదానే కొట్టింది.

రెండు రోజుల తర్వాత ఎదురింటావిడ ఒక చేత్తో గిన్నె, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకొచ్చింది. జుబేదా గిన్నె నిండా పెరుగు పోసింది.

"ఫోన్‌లోది మాత్రం అడగమాక వదినా. అది నా బిడ్డ కూడు."

అప్పుడే వెల్దుర్తి వైపు ఉరిమింది. జుబేదా చెయ్యి అలవాటుగా స్విచ్ మీదకు వెళ్ళి, అక్కడే ఆగింది.

"నిఖత్, మబ్బొచ్చింది. ఆపనా?"

"ఒక్క ఫైలమ్మా. పంపి చెప్తా."

చెయ్యి స్విచ్ మీదే ఉంచి, కూతురు చెప్పేదాకా జుబేదా అలాగే నిలబడింది.