నోరు మూసుకుని నవ్వేవాళ్లు

తొప్పూర్ ఘాట్‌లో లారీ కింద పడి చనిపోయిన ఏజెంట్ ఫోన్ నుంచి చివరి మెసేజ్ వెళ్లింది. "దొంగ టీమ్‌లోనే."

గంట తిరగక ముందే ఏజెంట్ ఇంద్రాణి ఫోటోగ్రాఫర్ వేషంలో, తమిళనాడు ధర్మపురిలోని ఒక యూనివర్సిటీ ఆడిటోరియంలో ఉంది. చెవిలో చీఫ్ అరుణాచలం గొంతు గరగరలాడింది.

"పాలు పొంగినాయా?"

"ఇంకా కాగలేదు సార్."

కోడ్ సరిపోయింది.

"విను ఇంద్రా. నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే పచ్చగా మెరిసే బ్యాక్టీరియాను ఈ యూనివర్సిటీ పిల్లలు ముగ్గురు టీమ్‌గా తయారు చేసినారు. ఇంటింటికీ ఊరికే ఇస్తామన్నారు. ఆర్కిడ్ ముఠా దాన్ని దేశం దాటించి అమ్ముకోవాలని చూస్తా ఉండాది. రాత్రి ఫ్రీజర్ వైరు కోసి దాంట్లోవన్నీ చంపేసినారు. మిగిలింది ఐస్‌లో పెట్టిన ఒక్క ట్యూబ్. పొద్దున అదీ మాయమైపోయె. ముగ్గురు మెంబర్లలో ఒకరి దగ్గర ఉండాది."

"ముగ్గురినీ సోదా చేస్తే?"

"తప్పు మనిషి మీద చెయ్యి వేస్తివా, అసలు మనిషి మూత తీసి నేల మీద పోసేస్తారు. మళ్లీ చేయాలంటే ఏళ్లు పడుతుంది. గేటు దగ్గర ముఠా కారు రెడీగా ఉండాది. వేదిక మీద టీమ్ పరిచయం అయిపోతే నేరుగా బెంగళూరు ఎయిర్‌పోర్ట్!"

కారిమంగళంలో ఇంద్రాణి ఏడేళ్ల కూతురికి కొత్తగా వచ్చిన పళ్ల మీద, బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల, సున్నం పూసినట్టు చారలు. తమ వీధిలో ఏ బోరు నీళ్లు మంచివో, ఏవి విషమో చెప్పే దిక్కు లేదు. పాపకు గ్లాసు అందించే ప్రతిసారీ నీళ్లను వెలుతురుకు ఎత్తి చూసేది. ఆ ట్యూబ్ పోతే ఆ అనుమానం తీరదు.

వేదిక మీద టీమ్ లీడర్ ప్రభు మైక్ అందుకున్నాడు.

"నేను ప్రభు, మహేంద్రమంగళం. జీన్ డిజైన్ నాది. మా టీమ్‌లో చేరాలంటే ఒకటే రూలు. చిన్నప్పట్నుంచీ మన బోరు నీళ్లు తాగి పెరిగిండాల. ఈమె కణ్ణగి, కారిమంగళం. బ్యాక్టీరియా కల్చర్ పెంచేది ఈమె."

"పెంచేది నేను, చంపేది ఆయన!" కణ్ణగి అందుకుంది. హాలు గొల్లుమంది.

"ఈమె మధుమిత, పాపారపట్టి," ప్రభు పక్కకు చూపించాడు. "కంప్యూటర్ మోడలింగ్. చీర చూసి వేరే మోడలింగ్ అనుకోవద్దండీ!"

పట్టుచీర, జడ నిండా మల్లెలు, చేతిలో చిన్న బ్యాగు. మధుమిత అందానికి హాలంతా ఈలలు.

ఇంద్రాణి లెన్స్ తిప్పింది. చల్లగా ఉన్న వస్తువును నీలంగా చూపించే స్పెషల్ గాడ్జెట్ అది. ముగ్గురి బ్యాగుల్లోనూ నీళ్ల శాంపిళ్ల కోసం ఐస్ ప్యాక్‌లు! తెర మీద మూడు నీలం మచ్చలు. గాడ్జెట్ దండగ. బయట కారు ఇంజిన్ స్టార్ట్ అయింది.

చేతిలో మిగిలింది మామూలు కెమెరా.

"ఒక్క ఫోటో!" ఆమె గొంతు ఆమెకే కీచుగా వినిపించింది. "అందరూ నవ్వండి!"

ప్రభు పెదాలు బిగించి నవ్వాడు. కణ్ణగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంట్లో పాప ఈమధ్య నవ్వుతున్నది కూడా అట్లాగే. చారల పళ్లు దాచుకునే నవ్వు.

మధుమిత మాత్రం నోరారా నవ్వింది. ఒక్క చార లేని ముత్యాల వరుస.

ఇంద్రాణి వేదిక ఎక్కింది. "ఏ నీళ్లు తాగి పెరిగితివి చెల్లీ?"

"మా పాపారపట్టి బోరు నీళ్లే అక్కా. పుట్టినప్పట్నుంచీ."

"మరి పళ్లెవరివి?"

మధుమిత నవ్వు ఆరిపోయింది. చెయ్యి బ్యాగులోకి దూరి ట్యూబ్‌తో బయటికి వచ్చింది. బొటనవేలు మూత తిప్పుతోంది. ఇంద్రాణి ఫ్లాష్‌ను ఫుల్ పవర్‌లో ఆమె కళ్లలోకి కొట్టింది. ట్యూబ్ జారింది. మోకాళ్ల మీద పడుతూ ఇంద్రాణి తన చీర కొంగు చాచింది. మూత ఊడకుండానే ట్యూబ్ కొంగులో పడింది.

హాల్లో జనం మధ్య కూర్చున్న మఫ్టీ పోలీసులు వచ్చి మధుమితకు సంకెళ్లు వేశారు.

"పళ్లు తెల్లగా ఉండడం నేరమా?" ఆమె బుసకొట్టింది.

"నేరం కాదమ్మా. మా ఊళ్లో అది అదృష్టం. అదెట్లొచ్చిందో స్టేషన్‌లో చెప్పు."

చెవిలో అరుణాచలం అరుస్తున్నాడు. "ఇంద్రా! పాలు పొంగినాయా?"

ఇంద్రాణి కెమెరా తెర చూసింది. ఆఖరి ఫ్రేమ్‌లో ప్రభు, కణ్ణగి నిర్ఘాంతపోయి నిలబడి ఉన్నారు.

"పొంగినాయి సార్. ఫోటో కూడా బాగా వచ్చినాది. మావాళ్లు మొదటిసారి నోరు తెరిచినారు."